తెర ఎడమవైపు

ఆసుపత్రుల్లో తెలుగు రోగులకీ ఇంగ్లీషు డాక్టర్లకీ మధ్య నిలబడి ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం పదిహేనేళ్ళపాటు నా ఉద్యోగం. ఇంటర్‌ప్రిటర్ అంటారు. రిటైరై రెండేళ్ళయింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆంటీ, మీ ఎక్స్‌పీరియన్స్‌లో ఒక మంచి కేస్ చెప్పండి" అంటారు. మంచి కేసులకేం, చాలా ఉన్నాయి. అలాంటివి మీకు ఎవరైనా చెబుతారు. నేను పాడుచేసిన కేసు ఒకటుంది. అది నేనే చెప్పాలి.

ముందు పని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రోగి ఏమంటే అదంతా చెప్పాలి. ఏమీ కలపకూడదు, ఏమీ తీసేయకూడదు. రోగి "నాకు కడుపు నొప్పి" అంటే మనమూ ఇంగ్లీషులో "నాకు" అనే అనాలి, "ఆయనకి" అనకూడదు. ఎందుకంటే ఆ గదిలో మనం లేనట్టే లెక్క. సొంతంగా ఏదైనా చెప్పక తప్పకపోతే "ఇంటర్‌ప్రిటర్ ఒక మాట చెప్పాలనుకుంటోంది" అని మన గురించి మనమే మూడో మనిషిలా చెప్పుకోవాలి. వెయిటింగ్ రూమ్‌లో రోగి పక్కన కూర్చుని కబుర్లాడకూడదు. ట్రైనింగ్‌లో ఇవన్నీ చెప్పారు. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

మొదటి ఏడాది ఈ నియమాలని తుచ తప్పకుండా పాటించి నవ్వులపాలయ్యాను. ఒకావిడ డాక్టర్‌తో, "ఆ ఫోన్ వినగానే గుండె జారిపోయిందమ్మా" అంది. నేను గుండె జారిందనే చెప్పాను. ఆవిడకి అప్పటికప్పుడు ఈసీజీ తీశారు. కొడుకు కార్‌కి యాక్సిడెంట్ అయిందన్న ఫోన్ గురించి ఆవిడ చెబుతోందని తేలేసరికి అరగంట పట్టింది. ఆ తర్వాత నాకు తెలివొచ్చింది. ఏది అసలు మాటో, ఏది ఊసుపోక కబురో నేనే విడదీయడం నేర్చుకున్నాను. డాక్టర్లు మెచ్చుకున్నారు. నాతో పని తొందరగా అయిపోతుందనేవారు. ఆ తెలివే నా కొంప ముంచింది. నా కొంప అనడం కూడా తప్పే. మునిగింది వేరేవాళ్ళ కొంప.

మా ఏజెన్సీలో స్పానిష్ ఇంటర్‌ప్రిటర్ ఒకావిడ ఉండేది. నాకంటే పదేళ్ళు సీనియర్. పొట్టి మనిషి, చేతిలో ఎప్పుడూ ఓ పెద్ద కాఫీ ఫ్లాస్కు. నా పని పద్ధతి ఒకసారి చూసి, "వడపోయడం డాక్టర్ పని. నువ్వు పోస్తూ ఉండు చాలు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. మా భాషలో డొంకతిరుగుడు ఎంత ఉంటుందో ఆవిడకేం తెలుసులే అనుకున్నాను.

ఇక అసలు మనిషి సంగతి.

ఆయనకి డెబ్భై దాటాయి. తెలంగాణలో ఒక చిన్న ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశారు. అంటే పైన చీకటిగదిలో నిలబడి మిషన్ నడిపి తెరమీద బొమ్మ వేసే మనిషి. భార్య పోయాక దేశం దాటి, ఇక్కడ కమ్మింగ్ అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. బీపీ, షుగర్ ఉన్నాయి. మూడు నెలలకోసారి మా ఊరి క్లినిక్‌లో చెకప్. కూతురు ఆయన్ని లోపల దింపి, పార్కింగ్‌లో కార్లోనే లాప్‌టాప్ పెట్టుకుని మీటింగ్‌లు చేసుకునేది. నాన్న మాట డాక్టర్‌కి చెప్పడానికి నేనుండేదాన్ని.

మొదటిరోజు నా పేరైనా అడక్కుండా ఆయన అడిగిన ప్రశ్న: "చెల్లె, సినిమాలు చూస్తవా?"

చూస్తానన్నాను. నిజానికి ఆ ప్రశ్న నన్నెవరూ అడిగి చాలా ఏళ్ళయింది. మా ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఫోన్‌లో వాళ్ళు ఏవో చూసుకుంటారు. సినిమా చూసి బయటికొచ్చాక దాని గురించి గంట పోట్లాడుకోవడం అనే సుఖాన్ని నేను పుట్టినూళ్ళోనే వదిలేసి వచ్చాను. అది ఈయన దగ్గర దొరికింది. ఆయన కూతురితో అబద్ధమాడి అపాయింట్‌మెంట్‌కి అరగంట ముందే వచ్చేవారు. నేనూ ముందే వెళ్ళేదాన్ని. వెయిటింగ్ రూమ్‌లో, చేపల తొట్టి పక్కన రెండు కుర్చీలు మావి. నోట్‌బుక్‌లో రాసుకున్న నియమం గుర్తుండే చేసేదాన్ని. తప్పు చేస్తున్నామని తెలిసి చేసే పనుల్లో ఒక ఆనందం ఉంటుంది కదా.

ఆయనకి పాతతరం నటుల్లో ఒకరంటే ప్రాణం. తండ్రి వేషాలూ, దుర్మార్గుడి వేషాలూ వేసిన నటుడు. నాకేమో ఒక కథానాయిక అంటే పిచ్చి. ఇద్దరి పేర్లూ రాయను. మీ మీ అభిమాన నటుల పేర్లు అక్కడ పెట్టుకుని చదువుకోండి, పోట్లాట ఎక్కడైనా ఒకటే.

"ఒక సినిమాల కూతురు ఇల్లిడ్సి పోయిందని బజార్ల ఎవడో చెప్తడు ఆయనకు. వాన పడ్తుంటది. ఇంట్లకొస్తడు. గొడుగు ముడువడు. ఇంట్ల నడిమిట్ల గొడుగు పట్టుకోని అట్లనే నిలబడ్తడు. డైలాగు లేదు, ఏడ్సుడు లేదు. నేను ఆ రీలు రోజుకు నాలుగుసార్లు ఏసిన చెల్లె, వంద రోజులు. ఒక్కసారి గూడ తెర మీదికెల్లి కన్ను తియ్యలే," అన్నారు.

"మా హీరోయిన్ అంతకంటే బాగా చేసేదండీ. కళ్ళతోనే చెప్పేది అంతా."

"ఏడుపు మంచిగ ఏడుస్తది. ఒప్పుకుంట. ఇంకేం జేస్తది?"

నిజంగానే నాకు కోపం వచ్చింది. రెండు రోజులు తగ్గలేదు. యాభై ఏడేళ్ళ మనిషిని, చనిపోయిన ఒక నటి కోసం ఎవరో పెద్దాయన మీద మనసులో పళ్ళు నూరుకుంటూ కార్ డ్రైవ్ చేశాను. మూడు నెలల తర్వాత చెప్పడానికి జవాబులు కూడా తయారుచేసుకున్నాను.

అలా ఏడాదిన్నర గడిచింది. తర్వాత ఆ రోజు వచ్చింది.

ఆ వారమే కొత్త సినిమా ఒకటి విడుదలైంది. మా ఊళ్ళో తెలుగు సినిమా వచ్చిందంటే హాలు పార్కింగ్‌లో సగం మంది తెలిసినవాళ్ళే కనిపిస్తారు. నేను ఆదివారం చూశాను. మంగళవారం క్లినిక్‌కి వెళ్ళేసరికి ఆయన అప్పటికే చేపల తొట్టి పక్కన కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నా కాసేపు నన్ను చూడనేలేదు. పలకరిస్తే ఉలిక్కిపడి, తల పూర్తిగా తిప్పి చూశారు.

"చూసినవా కొత్త సినిమా?"

"చూశానండీ. మీరు?"

"అల్లుడు తీస్కపోయిండు. ఏం సినిమా అది! హీరో ఒక్కడే నిలబడి గోడతోని మాట్లాడుతుండు. ఎదుటి మనిషిని చూపెట్టరు. అన్నదమ్ములు వాకిట్ల కొట్లాడే సీనుందా? అండ్ల తల్లి ఏది? గొంతు ఇనబడ్తది, మనిషి లేదు. తల్లిని చూపియ్యకుంట తల్లి సీను తీస్తరా ఎవలన్న?"

నేను తెల్లబోయాను. ఆ సినిమాలో నాకు నచ్చింది ఆ తల్లి ఒక్కతే.

"అదేంటండీ, ఆవిడ ఉంది కదా! బావి గట్టు పక్కన, చేతిలో చేట పట్టుకుని. కొడుకులు కొట్టుకుంటుంటే బియ్యం చెరగడం ఆపి అలాగే చూస్తూ ఉండిపోతుంది. సీనంతా ఆవిడదే."

"లేదు."

"ఉందండీ!"

"ముప్పై ఏండ్లు తెరను జూసిన కండ్లివి చెల్లె. లేదంటె లేదు." తర్వాత కాస్త తగ్గి అన్నారు: "హాలోడు బొమ్మ సరిగ్గ ఏస్తలేడు. ఎడమదిక్కు కోసేస్తుండు. పోయి మేనేజర్‌కు చెప్పుమన్న అల్లుణ్ణి. నవ్విండు."

"మీరు ఆ సీన్‌లో నిద్రపోయి ఉంటారు," అన్నాను నేను కూడా నవ్వుతూ.

ఆయన ముఖం చిన్నబోయింది. ముప్ఫై ఏళ్ళు తెరమీది నుంచి చూపు తిప్పని మనిషిని హాల్లో నిద్రపోయావన్నాను. ఆయన ఏదో అనబోయారు. ఇంతలో నర్సు పిలిచింది.

డాక్టర్ మంచివాడు. కానీ ఆ పూట పేషెంట్లు ఎక్కువగా ఉన్నారు. కంప్యూటర్‌లో టైప్ చేస్తూనే ప్రశ్నలు అడుగుతున్నాడు. నిద్ర పడుతోందా, మందులు వేసుకుంటున్నారా, కాళ్ళలో తిమ్మిర్లున్నాయా. బీపీ చూడటానికి చొక్కా చెయ్యి పైకి మడిస్తే ఎడమ భుజం కింద కమిలిన మచ్చ కనిపించింది. ఇదేంటని అడిగాడు.

"మా బిడ్డ ఇంట్ల తలుపులు ఇరుకు. తగుల్తుంటయి," అన్నారు ఈయన.

తలుపు తగిలిందని చెప్పాను. డాక్టర్ తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు. చూపులో ఏమైనా తేడా వచ్చిందా?

ఆయన డాక్టర్ వైపు చూడలేదు. నా వైపే చూస్తూ చెప్పారు. ఆ మాటలు నాకిప్పటికీ వరసగా గుర్తున్నాయి.

"కండ్లకేమైంది, మంచిగున్నయి. సినిమాలే మంచిగ లేవు. హాల్ల ఎడమదిక్కు కోసేస్తుండ్రంటె ఎవ్వరు ఒప్పుకోరు. ఇంట్ల టీవీల గూడ గట్లనే. సగం మనుషులు కనబడరు, గొంతులే ఇనబడ్తయి. నేనే నిద్రపోయిన్నంట! ఈమె గూడ జూసింది గదా, ఈమెనే అడుగుమను ఆ తల్లి యాడుందో."

డాక్టర్ టైపింగ్ ఆపి నా వైపు చూశాడు. చాలా పెద్ద జవాబే, ఏమంటున్నారని అడిగాడు.

నేను నవ్వాను. "కళ్ళు బాగానే ఉన్నాయంటున్నారు. మిగతాదంతా సినిమాల గురించి," అని చెప్పాను.

డాక్టర్ కూడా నవ్వి, తన మామగారూ అంతేనని, పాత సినిమాల గురించి మొదలుపెడితే ఆపరని చెప్పి, చూపు బాగుంది అని టైప్ చేసుకున్నాడు. పదిహేను నిమిషాల్లో మేం బయటికొచ్చాం. ఆయన నాతో మాట్లాడకుండానే వెళ్ళి కూతురి కార్ ఎక్కారు. ఎక్కబోతూ కార్ తలుపుకి ఎడమ చెయ్యి కొట్టుకున్నారు. పెద్దాయన అలిగారనుకున్నాను. ఈసారి కలిసినప్పుడు బతిమాలుకోవచ్చులే అనుకున్నాను.

ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. హాల్లో బొమ్మ కోసేయడానికి ఆపరేటర్ ఉంటాడు. ఇంట్లో టీవీకి ఆపరేటర్ ఎవరు? ఆ ఒక్క మాట చెవిన పడి ఉంటే డాక్టర్ కుర్చీలోంచి లేచేవాడు.

మూడో వారంలో ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. పక్క ఊరి పెద్దాసుపత్రిలో తెలుగు పేషెంట్, పక్షవాతం, వెంటనే వెళ్ళమన్నారు. ఫోన్‌లో వాళ్ళు పంపిన పేషెంట్ పేరు చూశాక కార్ తాళాలు ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

ఆయన కుడి చెయ్యి మంచం మీద ఎవరో పెట్టి మర్చిపోయిన వస్తువులా ఉంది. మూతి ఓ పక్కకి లాగేసింది. కూతురు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆఫీస్ బ్యాడ్జి ఇంకా మెళ్ళోనే ఉంది. న్యూరాలజీ డాక్టర్ చిన్నమ్మాయి, ముప్ఫై ఐదుకి మించవు. చాలా నిదానంగా వివరించింది. స్కాన్‌లో ఒక దెబ్బ కాదు, రెండు కనిపిస్తున్నాయి. ఇవాళ్టిది మెదడు ఎడమవైపు. మాటనీ కుడి చేతినీ తీసుకుపోయింది. ఇంకోటి వెనకవైపు, కుడిపక్కన. అది పాతది, కొన్ని వారాల కిందటిది. గుండె లయ తప్పుతోంది. అక్కడ తయారైన రక్తపు గడ్డలే రెండుసార్లూ పైకి, మెదడుకి వెళ్ళి ఉంటాయి.

"ఆ మొదటిది రెండు కళ్ళలోనూ ఎడమ సగం చూపు తీసేస్తుంది," అందావిడ. "చాలామందికి తమ చూపు పోయిందని తెలియదు. లోకంలోనే ఏదో తేడా ఉందనుకుంటారు. ఆయన ఎప్పుడైనా అలాంటిదేమైనా చెప్పారా?"

"లేదు," అంది కూతురు. "మూడు వారాల క్రితమే చెకప్ అయింది. They asked him everything."

డాక్టర్ నా వైపు తిరిగింది. ఆయనకి మాట రాదు కానీ కొంత అర్థమవుతోంది, ఆయన్నే అడిగి చూడమంది.

నేను మంచానికి ఎడమ పక్కన నిలబడి ఉన్నాను. అక్కణ్ణుంచే అడిగాను. "మీకు ఎడమవైపు కనబడకపోవడం ఇంతకుముందు ఎప్పుడైనా గమనించారా? ఎవరికైనా చెప్పారా?"

నా గొంతు వినబడ్డ దిక్కుకి ఆయన తల తిప్పడం మొదలుపెట్టారు. కొంచెం తిప్పి ఆగి, ఇంకొంచెం తిప్పి, చివరికి నన్ను పట్టుకున్నారు. బాగా ఉన్న ఎడమ చెయ్యి నెమ్మదిగా పైకెత్తారు. వేలు నా వైపు చూపించారు. దించలేదు.

"ఏమంటున్నారు?" అంది డాక్టర్.

"ఆంటీని గుర్తుపట్టారు. He knows her," అంది కూతురు. ఆ పొద్దుటినుంచి ఆ అమ్మాయి ముఖంలో కాస్త వెలుగు కనబడింది అప్పుడే.

"అవును," అన్నాను నేను. "ఆయనకి నేను తెలుసు."

అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. నా జన్మలో నేనాడిన పెద్ద అబద్ధం అదే.

ఆయన చెయ్యి దించేశారు. తల తిప్పేసుకున్నారు.

డాక్టర్ స్కాన్లు చూడటానికి వెళ్ళింది. నేను కింద కెఫెటేరియాకి వెళ్ళాను. స్పానిష్ ఇంటర్‌ప్రిటర్ ఒక మూల బల్ల దగ్గర కూర్చుని ఉంది. నా ముఖం చూసి కుర్చీ లాగింది. అంతా చెప్పాను. సినిమా, బావి గట్టు, టీవీ, నా నవ్వు, ఇందాకటి వేలు. ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ నా చెయ్యయినా పట్టుకోలేదు.

"ఆ మాట వాళ్ళ రికార్డులో ఉండాలా, వద్దా?" అంది.

"చెబితే నా ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం? జరగాల్సింది జరిగిపోయింది కదా."

"లాభం ఉందో లేదో తేల్చేది నువ్వా?" అంది. ఫ్లాస్కు మూత బిగించింది. "మొన్న కూడా నువ్వే తేల్చావు." పైన ప్రసవాల వార్డులో ఎవరో తన కోసం చూస్తున్నారని లేచి వెళ్ళిపోయింది.

ఆవిడ మీద నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత మెట్లెక్కాను. లిఫ్ట్ ఉంది, కానీ మెట్లయితే ఇంకాస్త ఆలస్యం అవుతుందని.

డాక్టర్ తిరిగొచ్చేదాకా గది బయట నిలబడి, ఆవిడతోపాటు లోపలికెళ్ళాను. "ఇంటర్‌ప్రిటర్ ఒక మాట చెప్పాలనుకుంటోంది," అన్నాను. ఆ తర్వాత ఇంటర్‌ప్రిటర్ అన్న మాట వదిలేసి "నేను" అనే చెప్పాను. ముందు ఇంగ్లీషులో డాక్టర్‌కి చెప్పాను. తర్వాత మంచానికి కుడివైపు వెళ్ళి ఆయనకి తెలుగులో చెప్పాను. మీరు చెప్పారు, నేను చెప్పలేదు అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. విన్నారనే అనుకుంటున్నాను.

డాక్టర్ రాసుకుంది. క్లినిక్‌కి వెళ్ళింది ఏ రోజు, ఆయన ఏ మాటలన్నారు, అన్నీ మళ్ళీ అడిగి రాసుకుంది. మొదటిది ఎప్పుడు వచ్చిందో అంచనా వేయడానికి పనికొస్తుందంది. అప్పుడే తెలిసి రక్తం పలచబడే మందు మొదలుపెట్టి ఉంటే రెండోది వచ్చేది కాదా అని అడిగాను. రాకపోయి ఉండొచ్చు, ఖచ్చితంగా చెప్పలేం అంది. ఆ ఖచ్చితంగా చెప్పలేం అన్న మాట పట్టుకుని నిద్రపోవాలని తర్వాత చాలా ప్రయత్నించాను.

కూతురు కుర్చీలో కూర్చుండిపోయింది. తలెత్తి అడిగింది. "ఆంటీ, మీరు నవ్వారా?"

"ఏంటమ్మా?"

"నాన్న ఆ మాట చెప్పినప్పుడు. నవ్వారా మీరు?"

"నవ్వాను."

"మేము కూడా," అంది. "టీవీల సగం కనిపిస్తలేదు అని రోజూ అనేటోడు. మా ఆయన పెద్ద టీవీ తెచ్చి పెట్టిండు. సెవెంటీ ఫైవ్ ఇంచ్. We thought it was funny." మెళ్ళో బ్యాడ్జి తీసి బ్యాగ్‌లో పెట్టుకుంది. "ప్లీజ్, మీరు వెళ్ళండి. వేరే ఇంటర్‌ప్రిటర్‌ని పంపమని అడుగుతా."

వెళ్ళాను.

ఏజెన్సీ విచారణ జరిపింది. కొన్ని నెలలు పని ఆపేశారు, ట్రైనింగ్‌కి మళ్ళీ పంపారు. నాకంటే ముప్ఫై ఏళ్ళు చిన్నవాళ్ళ మధ్య కూర్చుని, ఏమీ కలపకూడదు, ఏమీ తీయకూడదు అని మళ్ళీ రాసుకున్నాను. క్లినిక్ డాక్టర్, తాను రెండోసారి అడగాల్సిందని ఒప్పుకున్నాడట. అల్లుడు టీవీ సంగతి తలుచుకుని ఏడ్చాడని విన్నాను. తప్పులో తలా కాస్త వాటా తీసుకున్నారు. అయినా నా వాటా పిసరంత కూడా తగ్గలేదు.

ఆ మాట ఎందుకు మింగేశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. తొందరలో అనుకోవచ్చు, కబుర్లేననుకున్నానని సర్దిచెప్పుకోవచ్చు. విచారణలో అదే చెప్పాను. నిజం వేరు. డాక్టర్ గదిలో కూర్చున్నా నేనింకా చేపల తొట్టి దగ్గరే ఉన్నాను. ఆ తల్లి బావి గట్టు పక్కన ఉందా లేదా అన్న వాదంలో ఉన్నాను. ఉంది, నేను చూశాను, నేనే గెలిచాను. గెలిచిన మనిషి ఓడినవాడి మాట ఎందుకు మోస్తుంది? నా కళ్ళకి కనబడింది ఆయన కళ్ళకి ఎందుకు కనబడలేదన్న ప్రశ్న ఒక్క క్షణం నాలో పుట్టి ఉంటే చాలు. పుట్టలేదు. సినిమా బాగా చూస్తానని నాకు గర్వం. ఎదురుగా ఉన్న మనిషిని మాత్రం చూడలేదు.

తర్వాత ఇంకొన్నేళ్ళు పని చేశాను. అన్నీ చెప్పేదాన్ని. దగ్గు మధ్యలో తిట్టుకున్న తిట్లతో సహా. నాతో ఆలస్యం అవుతుందని డాక్టర్లు ఫిర్యాదులు కూడా చేశారు. ఒకసారి ఒక బామ్మగారిని మోకాలి నొప్పి గురించి అడిగితే ఆవకాయ గురించి చెప్పుకుపోయింది. ఆవపిండి ఎంత, కారం ఎంత, జాడీకి వాసెన ఎలా కట్టాలి. ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులోకి మార్చాను. డాక్టర్ ఓపిగ్గా విన్నాడు. చివరికి అదంతా ఆవకాయ గురించే. అందులో ఏ జబ్బూ లేదు. అయినా ఆ పూట ఇంటికి తేలిగ్గా వెళ్ళాను.

ఆయన్ని మళ్ళీ ఒకే ఒక్కసారి చూశాను. ఏడాదిన్నర తర్వాత, ఆదివారం మధ్యాహ్నం ఆట. లైట్లు ఆరకముందు కూతురు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. నడుమ ఖాళీ ఉన్నా అక్కడ ఆపకుండా, వరసలో ఎడమ చివరికి తీసుకెళ్ళి పెట్టింది. అక్కణ్ణుంచి అయితే తెరంతా ఆయనకి చూపు ఉన్న వైపు పడుతుంది. ఎవరో థెరపిస్టు చెప్పి ఉంటారు. నేను రెండు వరసలు వెనక ఉన్నాను. సినిమా ఏం చూశానో నాకు గుర్తులేదు. ఆయన తల వెనకభాగం చూస్తూ కూర్చున్నాను.

ఆట అయ్యాక జనం తగ్గేదాకా వాళ్ళు ఆగారు. నేనూ ఆగాను. తర్వాత లేచి, చుట్టూ తిరిగి వెళ్ళి ఆయనకి కుడివైపు నిలబడ్డాను. కూతురు నన్ను చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన కూడా చూశారు. గుర్తుపట్టారు.

క్షమించమని అడగడానికే వెళ్ళాను. ఏడాదిన్నరగా ఆ మాటలు నోటికి వచ్చేలా తయారుచేసుకున్నాను. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"సినిమా ఎట్లా ఉందండీ?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. మాట రాని మనిషిని అడిగే ప్రశ్నా అది.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. మాటలు కావు, ఉత్త శబ్దాలు. కానీ వాటిలో మాట్లాడే తీరంతా ఉంది. ఒకచోట గొంతు లేచింది, ఒకచోట వెటకారంగా సాగింది. ఎడమ చేత్తో గాలిలో నాలుగు మూలలు గీసి చూపించారు. ఏదో ఒకచోట మాత్రం ఆగి, మెచ్చుకోలుగా తల ఊపారు. కూతురు మూతి తుడవబోతే ఆ చెయ్యి పక్కకి నెట్టి మళ్ళీ అందుకున్నారు. ఏళ్ళ తరబడి మాటలు మోసిన నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపలేదు. అవునవునని అనలేదు. విన్నాను. చీపుళ్ళు పట్టుకుని ఇద్దరు పైవరసలనుంచి పాప్‌కార్న్ ఊడ్చుకుంటూ దిగుతున్నారు. కూతురు వాళ్ళకి చెయ్యెత్తి ఒక్క నిమిషం అని సైగ చేసింది.

ఆయన ఆపి, నా ముఖంలోకి చూశారు. ఇక నా వంతు.

"నాకంత నచ్చలేదండీ," అన్నాను. "రెండో సగం మరీ సాగదీశారు."

ఆయన గట్టిగా తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. నేను ఆయన పక్క సీట్లో కూర్చున్నాను.